92 చాలు

కరోనా రెండో వేవ్ పోతూ పోతూ మన ఇళ్లలో ఒక వస్తువును వదిలిపోయింది. పల్స్ ఆక్సీమీటర్. చాలా ఇళ్లలో అది మందుల డబ్బాలో థర్మామీటర్ పక్కన పడి ఉంటుంది. ఎవరికైనా ఆయాసం వస్తే ముందు దాన్నే వెతుకుతారు. 98 కనిపిస్తే అమ్మయ్య అనుకుంటారు, 90 కనిపిస్తే కాళ్లూచేతులూ ఆడవు. అంకె పెరిగితే మంచిది, తగ్గితే ముప్పు, ఆక్సిజన్ ఎంత పెడితే అంత మేలు అన్న లెక్క 2021 ఏప్రిల్, మే నెలల్లో అందరికీ వంటబట్టింది. ఆ జబ్బు విషయంలో ఆ లెక్క చాలావరకు సరిపోయింది కూడా. కానీ ఏళ్ల తరబడి పొగకు ఊపిరితిత్తులు పాడైన మనిషికి అర్ధరాత్రి ఆయాసం ముదిరినప్పుడు ఇదే లెక్క ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి మనిషి వేలి మీద డాక్టర్లు చూడాలనుకునే అంకె 98 కాదు. 88కీ 92కీ మధ్య ఉంటే చాలు. అంతకు మించితే సిస్టర్ వచ్చి ఆక్సిజన్ తగ్గిస్తారు. మంచం పక్కన నిలబడ్డ కొడుక్కి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, గొడవకు దిగుతాడు. ఆ గొడవలో అతని తప్పేమీ లేదు, ఎవరూ అతనికి విషయం చెప్పి ఉండరు.

ఆ జబ్బు పేరు సీఓపీడీ. డిశ్చార్జి కాగితం మీద తప్ప ఊళ్లో ఆ పేరు వినపడదు. ఆయాసం, ఉబ్బసం, దమ్ము అన్నీ ఒకే గాటన కట్టేస్తాం. చుట్ట, బీడీ, సిగరెట్ ముఖ్య కారణాలు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే జన్మలో చుట్ట ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. గాలి ఆడని వంటింట్లో పాతికేళ్లు కట్టెలూ పిడకలూ పెట్టి పొయ్యి ఊదిన మనిషి ఊపిరితిత్తులకు ఆ పొగ చాలు. గ్యాస్ బండ వచ్చాక పొయ్యి మారింది గానీ అప్పటికే జరిగిన నష్టం వెనక్కి రాదు. మెట్లెక్కితే రొప్పు, పొద్దున్నే కళ్లె, చలికాలంలో పిల్లికూతలు. ఇలా ఏళ్లు గడుస్తాయి. తర్వాత ఏదో ఒక జలుబు ఛాతీలోకి దిగుతుంది.

చలికాలం తెల్లవారుజామున ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నిలబడినా ఇలాంటి పేషెంటు ఒకరైనా కనిపిస్తారు. అరవై దాటిన మనిషి. స్ట్రెచర్ మీద పడుకోమంటే పడుకోడు. కాళ్లు కిందికి వేలాడేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి కూర్చుంటాడు. పేరడిగితే ఇంటిపేరు చెప్పి ఆగి, ఊపిరి తీసుకుని, అసలు పేరు చెబుతాడు. మెడ కండరాలు బిగుసుకుని పైకి తేలి ఉంటాయి. గొంతు కింది గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పోతుంటుంది. గాలి వదిలేటప్పుడు పెదాలు సున్నా చుట్టి మెల్లగా ఊదుతాడు. ఇవేవీ ఎవరో నేర్పినవి కావు. చేతులు దేనికైనా ఆనిస్తే భుజాల దగ్గరి కండరాలు కూడా పక్కటెముకలను పైకి లాగే పనిలో సాయం పట్టగలవు. శరీరం తనకు తానే ఆ ఉపాయం కనిపెట్టుకుంటుంది. అందుకే ఆయాసపడే మనిషిని బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టడం ఆ ఇంటివాళ్లు చేయగల మొదటి పొరపాటు.

ఆ కూర్చున్న మనిషిని అడిగితే గాలి లోపలికి పోవట్లేదంటాడు. అసలు సంగతి తలకిందులు. గాలి బయటికి రావట్లేదు. ఇదెలా ఉంటుందో తెలియాలంటే, గుండెజబ్బూ ఆయాసమూ లేనివాళ్లు చిన్న ప్రయోగం చేయొచ్చు. ఛాతీ నిండా గాలి పీల్చండి. అందులో కొంచెమే వదిలి, మళ్లీ దాని మీదే పీల్చండి. మళ్లీ కొంచెమే వదలండి. నాలుగైదు శ్వాసలకే ఛాతీ బిగదీసినట్టయి, ఊపిరితిత్తుల నిండా గాలి ఉండగానే గాలి చాలట్లేదని గాబరా మొదలవుతుంది. మీరు ఆపేయగలరు. అతను ఆపలేడు.

ఎందుకు బయటికి రాదు? పెద్ద శ్వాసనాళానికి మృదులాస్థి కట్లు ఉంటాయి, అది అణిగిపోదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్న గొట్టాలకు అలాంటి కట్లు లేవు. వాటి చుట్టూ ఉన్న గాలి గదుల గోడలే అన్ని వైపుల నుంచీ పట్టి లాగుతూ వాటిని తెరిచి ఉంచుతాయి, గుడారాన్ని చుట్టూ బిగించిన తాళ్లు నిలబెట్టినట్టు. పొగ ఆ తాళ్లను ఒక్కొక్కటే తెంపుతూ పోతుంది. పీల్చేటప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది కాబట్టి గొట్టాలూ విచ్చుకుంటాయి, గాలి లోపలికి పోతుంది. వదిలేటప్పుడు ఛాతీ నొక్కిన కొద్దీ గొట్టాలే ముందు అణిగి మూసుకుంటాయి. పైగా జలుబుతో వాచిన లోపలి పొర, చిక్కటి కళ్లె. ఎంత గట్టిగా వదలబోతే అంత తొందరగా మూసుకుంటాయి. పెదాలు సున్నా చుట్టి ఊదితే గొట్టాల్లో కాస్త ఎదురు ఒత్తిడి నిలుస్తుంది, అవి ఇంకొంచెంసేపు తెరిచి ఉంటాయి. ఫిజియోథెరపిస్టు పాఠం చెప్పినట్టు నేర్పే ఈ పద్ధతిని చాలామంది పేషెంట్లు ఎప్పుడో సొంతంగా పట్టేసి ఉంటారు.

ఇక్కడ కొంచెం లెక్క వేయాలి. మామూలు మనిషి ఒక శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి పీలుస్తాడు. అందులో 150 దాకా ముక్కు, గొంతు, గొట్టాల్లోనే ఆగిపోయి రక్తాన్ని చేరకుండా తిరిగొస్తుంది. పనికొచ్చేది 350. నిమిషానికి 15 శ్వాసలైతే 5 లీటర్ల పైచిలుకు. మన పేషెంటు నిమిషానికి 35 సార్లు రొప్పుతున్నాడు, శ్వాసకు 250 మాత్రమే పడుతోంది అనుకుందాం. మొత్తం గాలి దాదాపు తొమ్మిది లీటర్లు, చూడ్డానికి మామూలు మనిషి కంటే ఎక్కువే. కానీ ప్రతి శ్వాసలోనూ ఆ 150 పోతే మిగిలేది 100, నిమిషానికి మూడున్నర లీటర్లు. జబ్బు ఊపిరితిత్తిలో వృథా అయ్యే వాటా 150 కంటే ఎక్కువే కాబట్టి నిజానికి అంత కూడా దక్కదు. ఒళ్లు హూనమయ్యేలా కష్టపడుతున్నాడు, కష్టానికి ఫలితం సగమే. దాంతో రక్తంలో ఆక్సిజన్ తగ్గడం ఒక ఎత్తు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం ఇంకో ఎత్తు.

మనకు ఊపిరి తీసుకోవాలనిపించేది మొదటిదాని వల్ల అనుకుంటాం. చాలావరకు రెండోదాని వల్ల. ఇది 1905లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్‌లీ కలిసి తేల్చిన సంగతి. (మన దేశ పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఈయన తండ్రి.) రక్తంలో కార్బన్ డయాక్సైడ్ రవ్వంత పెరిగినా మెదడు కాండం పసిగట్టి శ్వాస పెంచుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు మెడలోని రక్తనాళాల దగ్గరున్న చిన్న కణాల గుత్తులు కూడా హెచ్చరిస్తాయి గానీ, అవి గట్టిగా అరిచేది చాలా తగ్గాకే. కరోనా మొదటి రోజుల్లో సాచ్యురేషన్ (ఆక్సీమీటర్ చూపే అంకె) 80కి పడిపోయినా ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్న పేషెంట్లను చూసి డాక్టర్లు విస్తుపోయారు. వాళ్లకు కార్బన్ డయాక్సైడ్ మాత్రం సాఫీగా బయటికి పోతుండేది, అందుకే ఆయాసం తెలియలేదు. సీఓపీడీ పేషెంటు దానికి సరిగ్గా ఎదురు కొస.

వేలికి పెట్టే పరికరానికి ఈ రెండో వాయువు కనపడదు. ఆ పరికరాన్ని సాధ్యం చేసినవాడు జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి, 1974లో, నిహాన్ కోడెన్ కంపెనీలో పనిచేస్తుండగా. ఎర్ర కాంతినీ, కంటికి కనపడని పరారుణ కాంతినీ వేలి గుండా పంపి, నాడి కొట్టినప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవడం ఆయన ఆలోచన. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని తక్కువ పీల్చుకుంటుంది, వదిలేసినది ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ తేడా నుంచి అంకె వస్తుంది. అయోయాగి 2020 ఏప్రిల్‌లో, లోకమంతా ఆయన పరికరం కోసం దుకాణాల మీద పడుతున్న రోజుల్లో చనిపోయారు. చేతులు చల్లబడినా, గోళ్లకు ముదురు రంగు ఉన్నా ఆ అంకె తప్పొచ్చు. నల్లని చర్మం మీద అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ప్రచురించారు, మన చర్మాల రంగు దృష్ట్యా గుర్తుంచుకోవాల్సిన మాట. కానీ పెద్ద లోపం అది కాదు. ఊపిరి లోపలికి వెళ్లే సగం కథే అది చెబుతుంది. బయటికి వచ్చే సగం గురించి నోరు మెదపదు.

ఆ సగం కథ తెలియక ఎంతమంది పోతారో 1952 వేసవిలో కోపెన్‌హేగన్ చూసింది. పోలియో విరుచుకుపడి, బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి శ్వాస కండరాలు చచ్చుబడ్డ పిల్లలు వరసగా వచ్చారు. గొంతు కూడా పడిపోయిన మొదటి 31 మందిలో 27 మంది మరణించారు. ఆక్సిజన్ ఇస్తున్నారు, చాలామంది ఒంటి రంగు బాగానే ఉంది. రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా కనిపిస్తే, రక్తం ఎందుకో క్షారగుణం వైపు పోతోందని అనుకున్నారు. మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపిస్తే ఆయన దాన్ని తిరగేసి చదివారు: అది క్షారం కాదు, బయటికి పోలేక పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. ఆగస్టు 27న వివి అనే పన్నెండేళ్ల పిల్లకు గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ ఊపిరి ఆడించారు. పిల్ల బతికింది. అప్పట్లో సరిపడా యంత్రాలు లేవు, కాబట్టి సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని నెలల తరబడి సంచీలు నొక్కారు. 80 శాతం పైనున్న మరణాలు సగానికి సగం తగ్గాయి. ఇవాళ్టి ఐసీయూల పుట్టుక అక్కడే అంటారు. నా దృష్టిలో ఆ సంఘటన అసలు పాఠం యంత్రాల గురించి కాదు. ఆక్సిజన్ ఇవ్వడమూ, ఊపిరి ఆడించడమూ రెండు వేర్వేరు పనులని అప్పుడు తేలింది.

మళ్లీ మన క్యాజువాలిటీకి వద్దాం. గోడ మీది ఫ్లోమీటర్లో చిన్న బంతి లేస్తుంది, కింద సీసాలో నీళ్లు బుడగలు కడతాయి. ఎన్ని బుడగలొస్తే అంత వైద్యం జరుగుతున్నట్టు మనవాళ్లకు నమ్మకం. "ఇంకొంచెం పెంచండి సిస్టర్, నాన్నకి ఆడట్లేదు" అంటాడు కొడుకు. ఎవరూ చూడనప్పుడు తనే మర తిప్పేస్తాడు కూడా. పది లీటర్లు పోతుంటాయి. సాచ్యురేషన్ 99. అరగంటకు రొప్పు తగ్గుతుంది. పెద్దాయన తల వాల్చి నిద్రలోకి జారుకుంటాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు, ఇప్పటికి నిద్రపట్టిందని ఇంటిల్లిపాదీ ఊరట చెందుతారు. సీనియర్ సిస్టర్‌కు ఆ నిద్ర నచ్చదు. చేతులు వెచ్చగా ఉన్నాయి, నాడి బలంగా కొడుతోంది, చేతులు ముందుకు చాపి అరచేతులు నిలబెట్టమంటే మణికట్టు దగ్గర టపటపా వాలిపోతున్నాయి, తట్టి లేపితే తలనొప్పంటున్నాడు. ఆక్సీమీటర్ 99 అంటోంది. లోపల కార్బన్ డయాక్సైడ్ మత్తుమందులా పనిచేస్తోంది.

ఎక్కువ ఆక్సిజన్ ఇలా ఎందుకు చేస్తుందో వైద్య విద్యార్థులకు చాలాకాలం ఒకటే కారణం చెప్పేవారు: వీళ్లు ఆక్సిజన్ కొరత వల్లే ఊపిరి తీస్తున్నారు, ఆ కొరత తీరిస్తే ఊపిరి మానేస్తారని. ఇందులో కొంత నిజముంది, కానీ ముఖ్యమైన ముక్క వేరే. ఊపిరితిత్తిలో గాలి అందని మూలలకు రక్తం పంపడం దండగ కాబట్టి, అక్కడి రక్తనాళాలు వాటంతటవే కుంచించుకుపోతాయి. దీన్ని 1946లో స్వీడన్‌లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చూపించారు. రక్తం గాలి బాగా ఆడే చోటికి మళ్లుతుంది. ఏళ్ల తరబడి ఈ సర్దుబాటుతోనే మన పేషెంటు నెట్టుకొస్తున్నాడు. ఒక్కసారిగా చిక్కటి ఆక్సిజన్ పంపితే ఆ మూలల్లోనూ ఆక్సిజన్ నిండి, కుంచించుకున్న నాళాలు తెరుచుకుంటాయి. రక్తం అక్కడికి పోతుంది, కానీ అక్కడి గాలి బయటికి కదలదు, కాబట్టి కార్బన్ డయాక్సైడ్ దించుకోకుండానే తిరిగొస్తుంది. దీనికి తోడు, ఆక్సిజన్ బాగా పట్టిన హిమోగ్లోబిన్ తన దగ్గరున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించుకుంటుంది. పేషెంటు కష్టపడటం ఏమాత్రం తగ్గించకపోయినా రక్తంలో ఆ వాయువు పెరుగుతుంది.

అంతమాత్రాన ఆక్సిజన్ ఇవ్వకూడదని కాదు. ఇది తలకెక్కించుకోవాల్సిన మాట, ఎందుకంటే సగం తెలిసినవాళ్లు ఆ వైపు కూడా తప్పు చేస్తారు. ఆక్సిజన్ లేకపోతే నిమిషాల్లో పోతారు, కార్బన్ డయాక్సైడ్ గంటల మీద చంపుతుంది. ఎక్కువైందని ఒక్కసారిగా తీసేస్తే ఇంకా ప్రమాదం: పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ గాలి గదుల్లో చోటు ఆక్రమించి ఉంటుంది, ఆక్సిజన్ మొదటికంటే కిందికి పడిపోతుంది. మెల్లగా దించుకురావాలి. ఎంతకి? హిమోగ్లోబిన్ స్వభావమే జవాబు చెబుతుంది. 92 నుంచి 98కి తీసుకెళ్తే రక్తానికి దక్కే అదనపు ఆక్సిజన్ ఆరేడు శాతం మాత్రమే. 85 కిందికి జారితే మాత్రం నిటారు దిగుడు. 88 నుంచి 92 అంటే ఆ దిగుడుకు ఇవతల, చదునైన చోట నిలబడటం.

ఇంత ఆక్సిజన్ అని కొలిచి ఇచ్చే మాస్కు 1960లో బ్రిటన్ డాక్టర్ మొరాన్ క్యాంప్‌బెల్ తయారు చేశారు. సన్నని రంధ్రం నుంచి వేగంగా దూసుకొచ్చే ఆక్సిజన్, పక్క కిటికీల నుంచి మామూలు గాలిని ఒక నిర్ణీత పాళ్లలో లాక్కుంటుంది. వెంచురి మాస్కు అదే. ప్లాస్టిక్ మూతి మారిస్తే 24 శాతం, 28, 35 అలా వస్తాయి; నీలం మూతి సాధారణంగా 24, తెల్లది 28. మనం పీల్చే గాలిలో ఉండేది 21. అంటే ప్రాణం నిలబెట్టేది ఒక్కోసారి ఆ మూడు శాతం తేడానే. ఖరీదైన వస్తువు కూడా కాదు. అయినా చాలాచోట్ల అందుబాటులో లేకపోవడానికి కారణం ఎవరూ అడగకపోవడమే అనుకుంటాను. అది లేనప్పుడు ముక్కుకు పెట్టే గొట్టంతో నిమిషానికి ఒకటి రెండు లీటర్లతో మొదలుపెట్టి, అంకె చూస్తూ సరిచేస్తారు.

ఈ జాగ్రత్త ఎంత తేడా తెస్తుందో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్స్ సిబ్బందే తేల్చారు. 405 మంది పేషెంట్లు. కొందరికి అలవాటు ప్రకారం ఎనిమిది పది లీటర్ల మాస్కు, మిగతావాళ్లకు 88–92 దాటకుండా ముక్కు గొట్టం. 2010లో ఫలితాలు వచ్చాయి: మొదటి గుంపులో మరణాలు 9 శాతం, రెండో గుంపులో 4. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మర కొంచెం తక్కువ తిప్పారు, అంతే.

మందుల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. నెబ్యులైజర్లో సాల్బ్యుటమాల్, దానితో పాటు ఇప్రాట్రోపియం, ఐదు రోజుల స్టెరాయిడ్ మాత్రలు, కళ్లె రంగు మారితే యాంటీబయాటిక్. నెబ్యులైజర్‌ను గోడ ఆక్సిజన్‌తో నడిపితే అది కూడా డోసు కిందకే వస్తుంది, కాబట్టి వీళ్లకు గాలి కంప్రెసర్ మేలు. ఆర్‌ఎంపీ దగ్గర పడే డెరిఫిలిన్ సూది పాతకాలపు వైద్యం. గుండె దడ పుట్టించడంలో దానికున్న చురుకు గొట్టాలు తెరవడంలో లేదు. ఇప్రాట్రోపియం కథ మాత్రం మన వైపు నుంచే మొదలైంది. ఉమ్మెత్త పొగ పీలిస్తే ఆయాసం సర్దుకుంటుందని మద్రాసులోని ఇంగ్లిష్ డాక్టర్లు ఇక్కడివాళ్ల దగ్గర నేర్చుకున్నారు, 1802లో జనరల్ జెంట్ ఆ కబురును బ్రిటన్ చేర్చాడు. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్‌కు రసాయన మార్పులు చేసి, ఒళ్లంతా పాకకుండా గొట్టాల మీదే పనిచేసేలా తయారు చేసిందే ఈ మందు. ఉమ్మెత్త జోలికి మళ్లీ పోకండి, అది మతి చెడగొడుతుంది, మోతాదు మించితే చంపుతుంది.

మందులు పనిచేస్తున్నాయో లేదో చెప్పే అసలు పరీక్ష ఏబీజీ. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, సూది నిటారుగా ధమనిలోకే దించుతారు. మామూలు రక్తపరీక్ష కంటే బాగా నొప్పి. సిరంజి లాగకుండానే రక్తం నాడి కొట్టిన తాళానికి పైకి ఎగబాకుతుంది. మెషిన్ రెండు మూడు నిమిషాల్లో చీటీ ఇస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ పీడనం 35కీ 45కీ మధ్య ఉండాలి, పీహెచ్ 7.35 కంటే పైన. మన పెద్దాయన చీటీలో 78, 7.26.

ఇప్పుడు బైప్యాప్ కావాలి. ముక్కూ నోరూ కప్పే మాస్కు, దాని వెనక గాలి ఊదే చిన్న యంత్రం. పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి. 12, 5 సెంటీమీటర్ల నీటి పీడనంతో మొదలుపెట్టి పై అంకెను పెంచుకుంటూ పోతారు. పై ఒత్తిడి అలసిన కండరాల బరువు మోస్తుంది, శ్వాస లోతవుతుంది, ఇందాక మనం వేసిన లెక్కలో 250 కాస్తా 400 అవుతుంది. కింది ఒత్తిడి పని ఇంకా సూక్ష్మం. ఛాతీలో గాలి చిక్కుకుని ఉండటం వల్ల లోపల ఎప్పుడూ కొంత ఒత్తిడి మిగిలి ఉంటుంది. బయటి గాలి లోపలికి రావాలంటే పేషెంటు ముందు ఆ ఒత్తిడిని తన కండరాలతో చెరిపేయాలి. అంటే ప్రతి శ్వాసకూ గాలి చుక్క రాకముందే కొంత కష్టం ఖర్చు. యంత్రం బయట కూడా అంతే ఒత్తిడి ఉంచితే ఆ ఖర్చు తప్పుతుంది. సున్నా చుట్టిన పెదాలు చేసే పనిని కూడా ఇదే చేస్తుంది.

చెప్పినంత సులువు కాదు పెట్టడం. ఊపిరాడక గిలగిల్లాడే మనిషి ముఖానికి ప్లాస్టిక్ బిగించి గాలి ఊదితే ఎవరైనా పీకేస్తారు. అనుభవమున్న సిస్టర్ ముందు పట్టీలు బిగించరు. మాస్కును చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించి, "తాతా, అది ఊదితే నువ్వు కూడా పీల్చు, దాంతో పోట్లాడకు, నేనిక్కడే ఉన్నా" అంటూ పది నిమిషాలు నిలబడతారు. యంత్రం లయా మనిషి లయా కలిశాకే పట్టీలు. ముక్కు దూలం మీద పుండు పడకుండా దూది మెత్త, అంచుల నుంచి కళ్లలోకి గాలి లీకవకుండా సర్దుబాటు. దాహమంటాడు, మధ్యలో తీసి రెండు గుక్కలు పట్టాలి. చిరాకు పడుతున్నాడు, నిద్ర ఇంజెక్షన్ ఇవ్వండని బంధువులు అడుగుతారు. ఆ ఇంజెక్షన్ ఉన్న కాస్త ఊపిరినీ అణచేస్తుంది. గంట తర్వాత మళ్లీ ఏబీజీ. పీహెచ్ పైకి కదిలితే దారిలో పడ్డట్టే. 1995లో ఫ్రాన్స్‌కు చెందిన బ్రోషార్ బృందం 85 మంది మీద చేసిన పరిశోధనలో మాస్కు పెట్టినవాళ్లలో 26 శాతానికి మాత్రమే గొంతులో ట్యూబ్ వేయాల్సి వచ్చింది, పెట్టనివాళ్లలో 74 శాతానికి. 2000లో బ్రిటన్‌లో మామూలు వార్డుల్లోనే నర్సుల చేత పెట్టిస్తే మరణాలు 20 శాతం నుంచి 10కి దిగాయి. ఐసీయూ మంచం దొరకలేదన్న కారణంతో ఈ వైద్యం ఆపక్కర్లేదని దాని అర్థం.

పీహెచ్ ఇంకా పడిపోతున్నా, మనిషి లేపినా లేవకపోయినా, మాస్కులోకి వాంతి చేసుకుంటున్నా ట్యూబ్ వేయక తప్పదు. వెంటిలేటర్ మీద పెట్టారంటే ఇక ఆశ వదులుకోవాలని మనవాళ్లు అనుకుంటారు, అది నిజం కాదు. కానీ ఈ జబ్బులో వెంటిలేటర్ నడపడం తొందరపాటు ఓర్వని పని. యంత్రానికి వేగంగా ఊదడం చేతనవును, కానీ గాలి బయటికి రావడానికి టైము పడుతుంది. నిమిషానికి పాతిక శ్వాసలు పెడితే ఒకదాని మీద ఒకటి పేర్చుకుపోయి ఛాతీ ఉబ్బుతుంది, గుండెకు రక్తం తిరిగి రాలేక బీపీ పడిపోతుంది. అప్పుడు తెలిసిన డాక్టర్ మందు కోసం పరిగెత్తరు. ట్యూబ్ నుంచి వెంటిలేటర్ గొట్టం ఊడదీసి, చేతులు కట్టుకుని కొన్ని సెకన్లు ఆగుతారు. బుస్సుమంటూ లోపలి గాలి బయటికొస్తుంది, బీపీ లేస్తుంది. తర్వాత వేగం పది పన్నెండుకి తగ్గించి మళ్లీ తగిలిస్తారు.

ఆయాసంతో వచ్చిన ప్రతివాళ్లకూ ఈ లెక్కలు వర్తించవు. వయసులో ఉన్న ఆస్తమా పేషెంటుకు 94 పైనే ఉంచాలి. అక్కడ వేరే ఉచ్చు ఉంది: తీవ్రమైన ఆస్తమాలో వేగంగా రొప్పడం వల్ల కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే తక్కువ ఉండాలి. చీటీలో 40 వస్తే అది ఆరోగ్యం కాదు, అలసిపోతున్నాడని. పిల్లికూతలు ఆగి ఛాతీ నిశ్శబ్దమైతే తగ్గినట్టు కాదు, కూత వేయడానికి సరిపడా గాలి కూడా కదలట్లేదని. పడుకున్న గంటకు ఉలిక్కిపడి లేచి, కిటికీ దగ్గరికి పరిగెత్తి, నురగ కళ్లె ఉమ్మే మనిషికి జబ్బు ఊపిరితిత్తుల్లో కంటే గుండెలో ఉండొచ్చు. నీరు లాగే ఇంజెక్షన్, బీపీ తగ్గించే నైట్రోగ్లిజరిన్, ఒకే ఒత్తిడితో ఊదే సీప్యాప్ మాస్కు అతన్ని తరచూ గంటల్లోనే తేరుకునేలా చేస్తాయి. పసిపిల్లల్లో డొక్కలు ఎగరేయడం, పాలు మానేయడం చూడాలి, అంకె కోసం ఆగకూడదు.

సీఓపీడీ ఇంట్లో ఉన్నవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. 108కి ఫోన్ చేసినప్పుడే ఇది పాత జబ్బని, ఇంతకు ముందు బైప్యాప్ పెట్టి ఉంటే ఆ సంగతీ చెప్పడం. పేషెంటును కూర్చోబెట్టే తీసుకెళ్లడం. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ ఉంటే డాక్టర్ రాసిన లీటర్లు దాటించకపోవడం. కొందరికి రోజుకు 15 గంటలకు తగ్గకుండా తక్కువ లీటర్లలో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 81లలోనే రుజువైంది, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పది నిమిషాలు పెట్టుకుంటే ఆ లాభం రాదు. బ్రిటన్‌లో ఇలాంటి పేషెంట్ల జేబులో ఒక కార్డు పెడతారు, దాని మీద వాళ్లకు కావలసిన సాచ్యురేషన్ రాసి ఉంటుంది, అంబులెన్స్‌వాళ్లు ముందు అది చూస్తారు. మన డిశ్చార్జి కాగితం మీద 88–92 అని ఒక ముక్క రాయమని అడిగితే ఏ డాక్టరూ కాదనరు.

అంతకంటే పనికొచ్చేది పాత ఏబీజీ చీటీ. అది థర్మల్ కాగితం, నెలల్లో వెలిసిపోతుంది, కాబట్టి ఇంటికెళ్లే రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఈ జబ్బుతో చాలా ఏళ్లు గడిపినవాళ్లలో కొందరికి ఒంట్లో బాగున్న రోజున కూడా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువే ఉంటుంది, మూత్రపిండాలు బైకార్బొనేట్ పోగుచేసి పీహెచ్‌ను సరిచేస్తూ ఉంటాయి. అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు. పాత చీటీలో 58 ఉన్న మనిషికి ఇవాళ 62 వచ్చి, పీహెచ్ సరిగానే ఉంటే నెబ్యులైజర్ పెట్టి చూడొచ్చు. పాత చీటీలో 42 ఉన్న మనిషికి అదే 62 వస్తే బైప్యాప్ మెషిన్ ఏ వార్డులో ఉందో కనుక్కోవడానికి అప్పుడే మనిషిని పంపాలి.